మంట పొరుగున మనుషులు

చించినాడ వంతెన దాటి దిండి, రాజోలు మీదుగా తాటిపాక వైపు వెళ్తుంటే దారి పొడుగునా కొబ్బరితోటలు, కాలువలు, వరిచేలు. తాటిపాక దగ్గరపడ్డాక కొబ్బరి మట్టల పైన ఎర్రటి మంట కనబడుతుంది. బావుల నుంచి వచ్చిన గ్యాస్‌లో వాడకానికి పనికిరానిది అక్కడ కాలుస్తారు. కొత్తగా వచ్చినవాళ్లే దాన్ని తలెత్తి చూస్తారు. ఊరివాళ్లకు అది ఎప్పటి నుంచో ఉన్న పొరుగు.

ఇక్కడ చమురు వేట 1970ల చివర నరసాపురం దగ్గర ఓఎన్‌జీసీ తవ్వకంతో మొదలైంది. రాజమండ్రిలో ఆఫీసులు వెలిశాయి. లంకల్లో, చేలల్లో రిగ్గులు లేచాయి. 2001లో తాటిపాకలో చిన్న రిఫైనరీ వచ్చింది. ఏడాదికి 66 వేల టన్నుల సామర్థ్యంతో దేశంలోకెల్లా చిన్నది అదే. అయితే ఈ నేలలో చమురు కంటే గ్యాసే ఎక్కువ. అది గొట్టాల్లో విజ్జేశ్వరం, జేగురుపాడు, కొండపల్లి విద్యుత్ కేంద్రాలకూ, కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీకీ వెళ్లింది. ఈ లెక్కలు పుస్తకాల్లో దొరుకుతాయి. పరిశ్రమ వచ్చాక మనిషికీ మనిషికీ మధ్య ఏం మారిందో మాత్రం ఊళ్లోకి వెళ్తేనే తెలుస్తుంది. నేను వెళ్లింది అందుకే.

మొదట మారింది పొలంతో ఉన్న సంబంధం. రిగ్గు దిగాలంటే చేను మెరక చేసి గ్రావెల్ పరవాలి. ఆ భూమికి లీజు కడతారు. ఒక కాలువ గట్టు మీద మాట్లాడిన కౌలు రైతు లెక్క సూటిగా ఉంది. “పొలం ఆసామిదండి, లీజు డబ్బులు ఆసామికే ఎల్తాయండి. ఆయనేమో హైదరాబాద్‌లో ఉంటారు. రిగ్గొచ్చిందంటే నాకు రెండు పంటలూ పోయినట్టేనండి.” ఆ చేలో నాట్లు వేసే ఆడకూలీల పేర్లు ఏ కాగితం మీదా ఉండవు. ఒకే చేను మీద బతికిన ముగ్గురిలో ఒకరికి డబ్బొచ్చింది, ఇద్దరికి పని పోయింది.

రెండోది ఇరుగుపొరుగు. అస్సాం నుంచీ గుజరాత్ నుంచీ ఉద్యోగులు వచ్చారు. రిగ్గు మీద పద్నాలుగు రోజులు డ్యూటీ, పద్నాలుగు రోజులు సెలవు. కుటుంబాన్ని వెంట తెచ్చుకున్నవాళ్లు మేడ మీద వాటాల్లో అద్దెకు దిగారు. అలా ఇల్లు అద్దెకిచ్చిన ఒక పెద్దావిడ నాతో, “అద్దె సంగతలా ఉంచండి. ఆళ్లమ్మాయి మా పిల్లలతో తెలుగులోనే దెబ్బలాడేదండి. బదిలీ అయ్యి ఎల్లిపోతుంటే అందరం ఏడ్చేశాం. ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తదండి” అన్నారు. డాక్టరుకో ఇంజినీరుకో ఇచ్చినట్టు ఓఎన్‌జీసీలో పర్మినెంటు ఉద్యోగం ఉన్న కుర్రాడికి పిల్లనివ్వడానికి పోటీపడేవారట. అదే ఓఎన్‌జీసీ గేటు దగ్గర కాపలా ఉండే కాంట్రాక్టు కుర్రాడికి సంబంధం కుదరడం కష్టం. ఒకే గేటు ఊరి కుర్రాళ్లను రెండు వర్గాలు చేసింది.

పాశర్లపూడిలో మాటలు వేరే దారి పట్టాయి. 1995 జనవరి 8న దేవర్లంక దగ్గర 19వ నంబరు బావి పేలి, మార్చి నడిమి దాకా 65 రోజులు మండింది. అమెరికా నుంచి బావుల మంటలార్పే నీల్ ఆడమ్స్ బృందం వచ్చి పనిచేసింది. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. “చుట్టాలిళ్లకి పోయామండి. రోజులు గడిచేకొద్దీ ఆళ్లకీ మాకూ కూడా ఇబ్బందే. అయినా ఎవరూ పొమ్మనలేదండి” అని అప్పటి సంగతి ఒక రైతు చెప్పారు. ఆపదలో ఆ జనాన్ని నిలబెట్టింది ఏ పథకమూ కాదు, చుట్టరికం. బావి ఇలా అదుపు తప్పి పేలడాన్ని చెప్పే బ్లోఅవుట్ అన్న మాట అప్పటి నుంచి ఇక్కడ చదువురాని ముసలమ్మకు కూడా తెలుసు.

అంతకంటే పెద్ద దెబ్బ నగరం అనే ఊరికి తగిలింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ గొట్టం నుంచి లీకైన గ్యాస్ ఊరంతా కమ్ముకుని ఒక్కసారిగా అంటుకుంది. ఇరవైమందికి పైగా చనిపోయారు. ఇళ్లూ కొబ్బరిచెట్లూ మాడిపోయాయి. నీటి చెమ్మ లేని పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో తడి గ్యాస్ పంపడం వల్ల లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. పరిహారం ఇచ్చారు. కానీ ఆ డబ్బు కొడుకుకెంత, కోడలికెంత అన్న తగవులు కొన్ని ఇళ్లలో ఇంకా తెగలేదని అక్కడివాళ్లు చెప్పారు. మనిషి పోయాక మిగిలినవాళ్ల మధ్య వచ్చిన ఎడాన్ని ఏ పరిహారమూ పూడ్చలేదు.

ఇంకో సంగతి నన్ను కలచివేసింది. కాళ్ల కింద గ్యాస్ ఉన్న ఈ ఊళ్ల నుంచే ఆడవాళ్లు ఇళ్లలో పనికి కువైట్ వెళ్తున్నారు, మగవాళ్లు దుబాయ్, ఖతర్ వెళ్తున్నారు. అమ్మమ్మల దగ్గర పెరిగే పిల్లలు ఈ సీమలో కొల్లలు. రిగ్గు నడపడానికి కావలసిన చదువు ఇక్కడి కుర్రాళ్లకు ముందే నేర్పి ఉంటే వాళ్లలో కొందరైనా ఇంటిపట్టున ఉండేవారు.

గ్యాస్ శాశ్వతం కాదని కూడా ఈ తీరమే చూపించింది. 2002లో సముద్రంలో కనుగొన్న రిలయన్స్ కేజీ-డి6 నిక్షేపం నుంచి 2009 ఏప్రిల్‌లో ఒడ్డున ఉన్న గాడిమొగకు గ్యాస్ చేరింది. కొద్ది ఏళ్లకే ఉత్పత్తి పడిపోయి, దాన్ని నమ్ముకున్న విద్యుత్ కేంద్రాలు మూతపడ్డాయి. రిగ్గు ఎప్పుడో ఒకప్పుడు వెళ్లిపోతుంది. గొట్టమూ, గ్రావెల్ పరిచిన చేనూ ఊళ్లోనే ఉంటాయి.

అందుకే నేను కోరేవి మూడు. ఏ వీధి కింద ఏ గొట్టం ఉంది, ఎప్పుడు వేశారు, ఆఖరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు అన్నది ప్రతి పంచాయతీ ఆఫీసు గోడ మీద తెలుగులో రాయాలి. లీజు సొమ్ములో కౌలు రైతుకూ కూలీకీ వాటా ఉండాలి. గ్యాస్ వాసన వస్తోందని ఊరివాళ్లు ఫోన్ చేస్తే గంటలోపు మనిషి రావాలి. ఇవేవీ దానాలు కావు. ముప్పును పంచుకుని బతుకుతున్న పొరుగువాళ్లకు న్యాయంగా ఇవ్వవలసిన బాకీ.