బెరడు మీది లిపి

రసాలూ బంగినపల్లులూ బండ్లకెక్కిన తరువాత మైలవరం చుట్టుపట్ల మామిడి తోటలు మౌనం వహిస్తాయి. అంతవరకూ కాయల కోసం పైకి చూసిన కన్నులకు అప్పుడే మ్రాను కనిపిస్తుంది. ముదిమి పైబడిన చెట్టు బెరడుపై సున్నం చిలకరించినట్లు తెల్లని మచ్చలు. వాటి నడుమ సన్నని నల్లని గీతలు. తెగులు సోకిందని రైతు కత్తితో గీకివేస్తాడు. కాపు తగ్గితే గొడ్డలికే అప్పగిస్తాడు.

నిజానికి అది తెగులు కాదు, లైకెన్. శిలీంధ్రమూ శైవలమూ కలిసి చేసే కాపురం. శిలీంధ్రం ఇల్లు కట్టి తేమను కాపాడుతుంది. శైవలం వెలుతురుతో ఆహారం సిద్ధపరుస్తుంది. చెట్టును అవి కోరేది నిలువ చోటు మాత్రమే. ఆకు పలచబడిన ముసలి చెట్టుపై ఎండ ఎక్కువగా పడుతుంది కనుక అక్కడ అవి దట్టంగా పెరుగుతాయి. ఫలితాన్నే కారణమనుకోవడం లోకరీతి.

మసాలాలో వాడే రాతిపువ్వు కూడా లైకెనే. ఆయుర్వేదం దానిని శైలేయమన్నది. అయితే అది ఆకులా విచ్చుకొంటుంది. బెరడుకు పొరలా అతుక్కుపోయే రకాన్ని మాత్రం బెరడు ముక్కతో సహా తీయవలసిందే. నల్లని గీతలు గలవాటిలో ముఖ్యమైనది గ్రాఫిస్. గ్రీకు భాషలో వ్రాయుట అనే అర్థం నుండి వచ్చిన పేరది. ఆ గీతలలోనే సిద్ధబీజాలు పుడతాయి.

ఈ లిపిని చదవడం సులభం కాదు. గీత అంచులు మూసుకొన్నవా, విచ్చుకొన్నవా అని భూతద్దంతో చూడాలి. పలుచగా కోసి, సిద్ధబీజంలోని గదులను సూక్ష్మదర్శినిలో లెక్కించాలి. రసాయనపు చుక్క వేసి రంగు మారునేమో గమనించాలి. ఈ రసాయన పరీక్షను 1866లో ప్రవేశపెట్టినవాడు నైలాండర్. లైకెన్ రెండు జీవుల కలయిక అని ష్వెండెనర్ 1867లో ప్రకటించినప్పుడు అంతటి పరిశీలకుడూ అంగీకరించలేదు! మన దేశంలో ధరణీధర్ అవస్థి జీవితమంతా శ్రమించి, ఈ సూక్ష్మ లైకెన్లను గుర్తించే సూచికను 1991లో వెలువరించారు. తాళపత్ర ప్రతులను సరిచూచినట్లు, కొత్త నమూనాను భద్రపరచిన పాత నమూనాలతో పోల్చిన పిదపనే అది అరుదైనదో కాదో తేలుతుంది.

తాళపత్రంలో ఒక్క అక్షరం పొరబడితే పద్యార్థమే మారిపోతుంది. బెరడు మీది లిపిని పొరబడి చదివితే చెట్టే కూలిపోతుంది. దానితోపాటు ఇంకా ఎవరూ చదవని ఒక జీవి, పేరైనా పొందకుండానే మాయమైపోవచ్చు. గొడ్డలి ఎత్తేముందు ఒక్కసారి భూతద్దం ఎత్తడం వివేకం.