నాలుగు ఓమ్‌లు, అమ్మ చెవులు

స్పీకర్లు కొనేవాళ్ళు ముందువైపు చూస్తారు. చెక్క రంగు, నల్లగుడ్డ, కోన్ సైజు. వెనక వైర్లు బిగించే చోట చిన్న అక్షరాల్లో ఒక అంకె ఉంటుంది: 8 ఓమ్‌లు, 6 ఓమ్‌లు, లేదా 4. దాన్ని చదివేది తక్కువమంది. చదివినవాళ్ళలో కూడా కొందరు అంకె తగ్గితే స్పీకర్ తేలికగా నడుస్తుందనుకుంటారు. వ్యవహారం దానికి తలకిందులు. ఓమ్‌లు తగ్గేకొద్దీ ఆంప్లిఫయర్‌కి చాకిరీ పెరుగుతుంది.

మా ఇంట్లో ఈ చర్చంతా అమ్మ కోసం మొదలైంది. నాన్న పోయాక అమ్మ హైదరాబాద్ వచ్చి మా ఫ్లాట్‌లోనే ఉంటోంది. టీవీలో మాటలు ఆవిడకి సరిగ్గా అందవు. సౌండ్ పెంచితే కింది ఫ్లాట్ వాళ్ళకి బాగా అందుతాయి. అదే సమయంలో అన్నయ్య అమెరికా నుంచి తిరిగొచ్చేశాడు. వాడి సామాన్లలో ఎత్తైన స్పీకర్లు రెండు, టీవీ కింద పెట్టే సెంటర్ స్పీకర్ ఒకటి దిగాయి. మూడూ 4 ఓమ్‌లవే. అక్కడి 120 వోల్టుల రిసీవర్ ఇక్కడి 230 వోల్టులకి పనికిరాదు కాబట్టి అది అక్కడే ఉండిపోయింది. కొత్తది ఒక దుకాణంలో తీసుకున్నాం. ఇవి 4 ఓమ్‌ల స్పీకర్లని ముందే చెప్పాం కూడా. "ఏ స్పీకరైనా పాడించేస్తుంది మేడమ్, ఛానల్‌కి 100 వాట్లు" అన్నాడతను.

వారం రోజులు బాగానే పాడింది. తర్వాత ఏదో సినిమాలో యుద్ధం సీన్ వచ్చింది. అమ్మ రిమోట్ నొక్కుతూ పోయింది. లోపలెక్కడో 'టిక్' మంది, గదంతా నిశ్శబ్దం. డిస్‌ప్లే మీద 'ప్రొటెక్ట్' అన్న ఒక్క మాట. కాసేపు చల్లారనిస్తే మళ్ళీ పనిచేసేది. మూడోసారి అలా ఆగాక అమ్మ రిమోట్ ముట్టుకోవడం మానేసింది. తన చేతుల్లోనే ఏదో పాడవుతోందని ఆవిడ భయం. వినపడకపోయినా వింటున్నట్టు టీవీ ముందు కూర్చునేది. మేం నవ్వినప్పుడు ఒక క్షణం ఆలస్యంగా నవ్వేది. రిసీవర్ ఆగిపోవడం కన్నా ఆ ఆలస్యపు నవ్వు చూడటమే నాకు కష్టంగా ఉండేది.

లెక్క ఇంటర్ ఫిజిక్స్ స్థాయిదే. ఆంప్లిఫయర్ స్పీకర్‌కి ఇచ్చేది వోల్టేజి. ఎంత కరెంటు లాక్కోవాలో స్పీకర్ తేల్చుకుంటుంది. 20 వోల్టుల దగ్గర 8 ఓమ్‌ల స్పీకర్ రెండున్నర ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే 50 వాట్లు. అదే 20 వోల్టుల దగ్గర 4 ఓమ్‌ల స్పీకర్ 5 ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే 100 వాట్లు. వాట్లు రెట్టింపయ్యాయని సంతోషించే లోపు, ఆ కరెంటంతా రిసీవర్‌లోని ట్రాన్సిస్టర్ల గుండానే రావాలని గుర్తు పెట్టుకోవాలి. అందులో కొంత వేడిగా మారి ఆ పెట్టెలోనే ఉండిపోతుంది. పైగా మామూలు హోమ్ థియేటర్ రిసీవర్‌లో ఏడు ఛానళ్ళున్నా వాటన్నిటికీ ట్రాన్స్‌ఫార్మర్ సాధారణంగా ఒక్కటే. 'ఛానల్‌కి 100 వాట్లు' అంటే చాలాసార్లు రెండు ఛానళ్ళే నడుస్తుండగా, 8 ఓమ్‌ల మీద కొలిచిన మాట. అన్నీ కలిసి అడిగితే అంత ఇవ్వలేదు.

ఇంకో చిక్కుంది. ఆ 4 స్థిరమైన అంకె కాదు. స్పీకర్ అవరోధం, అంటే ఇంపీడెన్స్, స్వరాన్ని బట్టి మారుతుంది. ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర 20 ఓమ్‌లు దాటొచ్చు, ఇంకోచోట 3 దగ్గరికి జారొచ్చు. ఐఈసీ ప్రమాణం ప్రకారం రాసిన అంకెలో 80 శాతం కన్నా కిందికి పోకూడదు. అంటే 4 అని రాస్తే 3.2 దాకా దిగొచ్చు. పైగా చాలా స్పీకర్లలో ఆ పల్లం బేస్ పైభాగంలో, అంటే సినిమా చప్పుళ్ళకి బలం ఎక్కువుండే చోటే వస్తుంది.

దుకాణానికి ఫోన్ చేస్తే, మెనూలో 4 ఓమ్‌ల సెట్టింగ్ పెట్టుకోమన్నారు. పేరు చూస్తే మందులాగే ఉంటుంది. కానీ చాలా రిసీవర్లలో అది లోపలి సప్లై వోల్టేజిని తగ్గించి పెట్టెని చల్లగా ఉంచే ఏర్పాటు. రిసీవర్‌కి కొత్త బలమేమీ రాదు, ఉన్న వాట్లే తగ్గుతాయి. ఆపైన సౌండ్ పెంచితే తరంగం తలలు తెగి గరగరమంటుంది.

మా చిన్న మావయ్య తణుకు దగ్గర పల్లెలో ముప్ఫై ఏళ్ళు మైక్‌సెట్ నడిపాడు. ఫోన్లో విషయం చెప్తే మొదట అడిగిన మాట, "అమ్మాయ్, వెనక 4, 8, 16 బిళ్ళలున్నాయా?" అని. మైక్‌సెట్ ఆంప్లిఫయర్ల వెనక ఒక్కో ఓమ్‌కి ఒక్కో స్క్రూ ఉండేది. దూరాలకి వైరు లాగడానికి 100 వోల్టుల లైన్ వేరే. 16 ఓమ్‌ల హారన్లు రెండు పక్కపక్కన కలిపితే 8, నాలుగు కలిపితే 4. చెట్టెక్కి హారన్ కట్టే కుర్రాడికి కూడా ఈ లెక్క నోటికొచ్చు. ఇప్పటి రిసీవర్‌కి ఆ బిళ్ళలుండవని చెప్పాను. "మరి అడిగే నాథుడు లేకుండా ఎలా కలిపేస్తార్రా!" అని ఆశ్చర్యపోయాడు.

మేం చేసినవి రెండు. మొదటిది ఖర్చు లేనిది. మూడు స్పీకర్లనీ మెనూలో 'స్మాల్' అని పెట్టి, 80 హెర్ట్జ్ కింది బేస్ అంతా సబ్‌వూఫర్‌కి మళ్ళించాం. సబ్‌వూఫర్‌కి సొంత ఆంప్లిఫయర్ ఉంటుంది కాబట్టి రిసీవర్ మీద కొంత బరువు దిగింది. రెండోది ఖర్చుతో కూడింది. రిసీవర్ వెనకున్న ప్రీ అవుట్ల నుంచి విడిగా మూడు ఛానళ్ళ పవర్ ఆంప్లిఫయర్‌కి కలిపాం. కొనేముందు చూసింది ఒక్కటే: 8 ఓమ్‌ల మీద 100 వాట్లిచ్చేది 4 ఓమ్‌ల మీద ఎంతిస్తుందని. 200కి దగ్గరగా ఉంటే లోపలి సప్లైకి దమ్ముందని అర్థం. 120 అంటే లేదని. 4 ఓమ్‌ల ఊసే ఎత్తకపోతే ఆ మౌనమే జవాబు.

ఆ తర్వాత 'టిక్' మనడం ఆగింది. అమ్మకి మాత్రం మాటలు అంతంతమాత్రంగానే అందేవి. శబ్దం చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు పదింతల పవర్ కావాలి. ఆ పరుగుకి అంతుండదు. చెవి డాక్టర్ చేసిన ఆడియోగ్రామ్‌లో అసలు సంగతి తేలింది. అమ్మకి లావు శబ్దాలు దాదాపు మామూలుగానే వినపడుతున్నాయి. తగ్గింది పై ఫ్రీక్వెన్సీల దగ్గర. 'క', 'త', 'స' లాంటి హల్లుల గుర్తులు చాలావరకు అక్కడే ఉంటాయి. 'కల' అన్నా 'తల' అన్నా ఆవిడకి ఒకటే. సౌండ్ పెంచితే పెరిగేది ఎక్కువగా ఆవిడకి ముందే వినపడుతున్న భాగం.

సెంటర్ స్పీకర్ మట్టం 4 డెసిబెల్స్ పెంచాం. రాత్రిపూట పెద్ద చప్పుళ్ళని అణిచే మోడ్ పెట్టాం. హియరింగ్ ఎయిడ్‌కి మాత్రం నాలుగు నెలలు ఒప్పుకోలేదు. "చెవిటిదాన్నని బోర్డు కట్టుకుని తిరగనా?" అనేది. చివరికి మావయ్యే వచ్చాడు. "అక్కా, ఊరందరికీ వినపడేట్టు హారన్లు కట్టినవాణ్ణి, నీకు వినపడకపోతే నాకు నామర్దా" అని కూర్చోబెట్టి పెట్టించాడు.

మొదటిరోజు విసుక్కుంది. "ఈ ఫ్యాను రోజూ ఇంత గోల చేస్తుందా?" అంది. రెండో వారం వంటింట్లో కూరగాయలు తరుగుతోంది. హాల్లో నేనూ అన్నయ్యా గొంతు తగ్గించి ఆంప్లిఫయర్ బిల్లు పంచుకుంటున్నాం. కత్తిపీట చప్పుడు ఆగింది.

"ఆ ఇనప్పెట్టెకి అంత పోశార్రా?" అంది లోపల్నుంచి.