రాజు చేతికి అందని పీఠం

మధ్యయుగాల రాజ్యాలను నడిపించే కంప్యూటర్ ఆట ఏది చేతికొచ్చినా, అందులో మతం ఎలా పనిచేస్తుందో ముందు చూస్తాను. కోటలు, గుర్రాలు, కవచాలు అందంగా గీసేవాళ్లకు కొదవ లేదు. ఆ కాలపు మనిషి దేనికి భయపడ్డాడో, ఎవరి ముందు తలవంచాడో మతం దగ్గరే బయటపడుతుంది. అది కుదిరితే ఆడేవాడు ఆ కాలపు రాజులా ఆలోచించడం మొదలుపెడతాడు. కుదరకపోతే మిగిలేవి ఉత్త లెక్కలే.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో ఆట 1999లో వచ్చింది. నెట్ సెంటర్లో పక్కపక్కన కూర్చుని దాన్ని ఆడిన తరం మన ఊళ్లలోనూ ఉంది. అందులో మఠం కట్టి, 100 బంగారం ఇచ్చుకుంటే ఒక సన్యాసి వస్తాడు. గాయపడిన సైనికులను బాగుచేస్తాడు. శత్రువు వైపు తిరిగి కాసేపు జపం చేస్తే ఆ శత్రువు రంగు మారి మనవాడైపోతాడు. నేల మీద అక్కడక్కడా ఉండే పవిత్ర అవశేషాలను తెచ్చి మఠంలో పెడితే ఖజానాలోకి బంగారం వస్తూనే ఉంటుంది. ఆడటానికి ఎంతో సరదాగా ఉంటుంది, ఆ సన్యాసి అంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. కానీ అతను రాజు మాట జవదాటడు. బాకు బదులు జపమాల పట్టిన సైనికుడతను.

అవశేషాల సంగతే చూడండి. క్రీస్తు తలపై పెట్టారని నమ్మే ముళ్ల కిరీటాన్ని ఫ్రాన్సు రాజు తొమ్మిదో లూయీ 1239లో పారిస్ తెప్పించుకున్నాడు. దానికోసం చెల్లించింది 1,35,000 లీవ్రలు. దాన్ని ఉంచడానికి కట్టించిన సాంత్ షాపెల్ మందిరానికి అయింది సుమారు 40,000. అంటే గుడి కంటే లోపలి వస్తువుకే మూడింతలు పోశాడు. ఆ సొమ్ముతో అతనికి దక్కింది క్రైస్తవ రాజులందరిలో పెద్దరికం. అవశేషం బంగారం తెస్తుందని ఆట చెబుతుంది. లూయీకి అది బంగారం పోసి గౌరవం తెచ్చుకునే మార్గం. ఆ రెండో లెక్క ఆటలో ఉంటే ఎంత బాగుండేది!

మతానికి ఆ కాలంలో ఉన్న అసలు బలం తెలియాలంటే జర్మనీ రాజు నాలుగో హెన్రీ కథ తెలియాలి. బిషప్పులను నియమించే హక్కు తనదేనన్నాడు హెన్రీ. కాదు, తనదన్నాడు పోప్ ఏడో గ్రెగొరీ. 1076లో పోప్ అతన్ని వెలివేశాడు. దాంతోపాటే, హెన్రీకి విధేయంగా ఉంటామని చేసిన ప్రమాణం ఇక ఎవరినీ కట్టిపడేయదని ప్రకటించాడు. ప్రాణం తీసే మాట అదే. సామంతులు రాజుకు లోబడేది ఆ ప్రమాణం వల్లే కదా, దాన్ని విప్పేశాక రాజు ఎవరికి రాజు? ఏడాదిలోగా వెలి తొలగకపోతే నిన్ను రాజుగా ఒప్పుకోం అన్నారు జర్మన్ ప్రభువులు. నడి శీతకాలంలో హెన్రీ భార్యనూ పసిబిడ్డనూ వెంటబెట్టుకుని ఆల్ప్స్ పర్వతాలు దాటాడు. 1077 జనవరిలో కనోసా కోట వాకిట్లో మంచులో మూడు రోజులు ఉత్తకాళ్లతో నిలబడ్డాడు. పోప్ చివరికి క్షమించాడు. కథ అక్కడితో ఆగలేదు. 1084లో అదే హెన్రీ రోమ్ నగరాన్ని పట్టుకుని తన మనిషిని పోప్‌గా కూర్చోబెట్టాడు. గ్రెగొరీ మరుసటి ఏడు సలెర్నోలో ప్రవాసంలో పోయాడు. బిషప్పుల తగవు వాళ్లిద్దరూ పోయాక, 1122లో వోర్మ్స్ ఒడంబడికతో గానీ ఒక కొలిక్కి రాలేదు.

2012లో వచ్చిన క్రూసేడర్ కింగ్స్ రెండో ఆట ఈ తగవును ఒక్క చిన్న ఏర్పాటుతో పట్టుకుంది. నీ రాజ్యంలో బిషప్ ఉంటాడు. అతనికి నీ మీద అభిమానం ఎక్కువైతే పన్ను నీకు కడతాడు, పోప్ మీద ఎక్కువైతే ఆ పన్ను రోమ్‌కు వెళ్లిపోతుంది. నీ నేల, నీ పంట, నీ రైతులు, డబ్బు మాత్రం ఇంకొకరికి! ఇది తగిలిన రోజున హెన్రీ ఎందుకు అంత మొండికేశాడో పాఠ్యపుస్తకం అవసరం లేకుండానే అర్థమవుతుంది. ఈ ఆటల్లో మతం గురించి నేను చూసిన వాటిలో ఇంతకంటే తెలివైన ఏర్పాటు లేదు.

మెడీవల్ టోటల్ వార్ రెండో ఆట (2006) కూడా ఈ దారిలోనే నడిచింది. ఫలానా పొరుగు రాజుతో యుద్ధం ఆపమని పోప్ కబురు పంపుతాడు. వినకపోతే ఆయన దగ్గర మన పరపతి పడిపోతుంది, మితిమీరితే వెలి పడుతుంది. మన పూజారులు పెద్దవారై కార్డినల్ పదవికి చేరితే పోప్ ఎన్నికలో మనకూ ఓట్లుంటాయి. అందుకే గెలిచే యుద్ధాన్ని మధ్యలో ఆపి సైన్యాన్ని వెనక్కి పిలుచుకోవాల్సి వస్తుంది. పళ్లు కొరుక్కుంటూ ఆ పని చేసే క్షణంలోనే ఆట చరిత్రకు దగ్గరవుతుంది.

అయితే ఆ ఆటలో క్రూసేడ్ అనే మతయుద్ధం నెగ్గడమంటే సైన్యంతో నగరం పట్టుకోవడమే. చరిత్రలో మాత్రం ఫ్రెడరిక్ చక్రవర్తి ఉన్నాడు, రెండో ఫ్రెడరిక్. క్రూసేడ్‌కు బయలుదేరడంలో జాప్యం చేశాడని 1227లో పోప్ అతన్ని వెలివేశాడు. వెలిలో ఉండగానే అతను తూర్పుకు వెళ్లి, ఈజిప్టు సుల్తాన్ అల్ కామిల్‌తో మాటలు కలిపి, 1229లో యుద్ధం లేకుండా ఒప్పందంతో జెరూసలేం తీసుకున్నాడు. నగరంలోని ముస్లింల పవిత్ర స్థలాలు వాళ్ల చేతుల్లోనే ఉండాలని ఆ ఒప్పందం. ఇటు క్రైస్తవుల్లోనూ అటు ముస్లింలలోనూ ఎందరో దాన్ని తిట్టిపోశారు. ఇలాంటి విజయానికి చోటిచ్చే ఆట కోసం ఎదురుచూస్తున్నాను.

2020 నాటి క్రూసేడర్ కింగ్స్ మూడో ఆట చాలా విషయాల్లో పెద్దది, అందమైనది. మతం దగ్గర మాత్రం నాకు వెలితిగా ఉంది. భక్తి అందులో ఖర్చుపెట్టే సొమ్ము. అది తగినంత పోగైతే మూడు సిద్ధాంతాలు ఎంచుకుని, నియమాలు మార్చుకుని సొంత మతమే పెట్టుకోవచ్చు. అంగడిలో సరుకులు ఏరుకున్నట్టు మతాన్ని ఏరుకుంటే, రాజు పైన ఉండాల్సిన పీఠం రాజు చేతిలోకి వచ్చేస్తుంది. అన్ని మతాలకూ సమాన గౌరవం ఇవ్వాలన్న మంచి ఉద్దేశంతో 2005 నాటి సివిలైజేషన్ నాలుగో ఆట ఏడు మతాలనూ ఒకే రకంగా పనిచేయించింది. ఆ జాగ్రత్తను నేను గౌరవిస్తాను. కానీ గౌరవించడానికి అన్నింటినీ ఒకే అచ్చులో పోయనక్కర్లేదు.

మన నేల కూడా ఈ పటాల మీద ఉంది. 2014లో వచ్చిన రాజాస్ ఆఫ్ ఇండియా అనుబంధంతో క్రూసేడర్ కింగ్స్ రెండో ఆటలో తెలుగు రాజుగా ఆడే వీలు కలిగింది. హిందూ, జైన, బౌద్ధ మతాల్లో ఒకదాని నుంచి ఇంకొకదానికి ఒక నిర్ణయంతో మారిపోవచ్చు. ఆ నిర్ణయం వెనక ఉండాల్సిన గురువు, మఠం, మాన్యాలు మాత్రం కనిపించవు. అవి ఎలా ఉండేవో 1261 నాటి మల్కాపురం శాసనం చెబుతుంది. కాకతీయ రాజు గణపతిదేవుడికి దీక్ష ఇచ్చిన విశ్వేశ్వర శివాచార్యుడికి మందడం గ్రామం దక్కింది. రుద్రమదేవి వెలగపూడిని కూడా కలిపింది, ఇప్పుడు సచివాలయం ఉన్న వెలగపూడే. అక్కడ వెలసిన గోళకీ మఠంలో గుడి, చదువులు, అన్నదానం, ప్రసూతిశాల, ఆరోగ్యశాల నడిచాయి. ఆ గురువుది బెంగాల్ ప్రాంతం, ఆ మఠానికి మూలం జబల్పూర్ వైపు డాహళ దేశం. కాకతీయుల సరిహద్దు ఆయన పీఠానికి సరిహద్దు కాదు.

దీన్ని ఆటగా ఊహించండి. ఊరు మఠానికి రాసిస్తే ఆ ఊరి రాబడి ఖజానాకు రాదు. బదులుగా అక్కడ పురిటి మరణాలు తగ్గుతాయి, చదువుకున్నవాళ్లు తయారవుతారు, పొరుగు రాజ్యంలోనూ శిష్యులున్న గురువు నీ పక్షాన ఒక మాట చెబుతాడు. యుద్ధం వచ్చి డబ్బు చాలకపోతే ఆ మాన్యం వెనక్కి లాక్కుంటావా? లాక్కుంటే మిగతా మఠాలు, వాటిని నమ్మిన సామంతులు ఏం చేస్తారు? రాజుకు నిజంగా నిద్రపట్టని ప్రశ్నలు ఇవి. హైదరాబాదులో ఆటలు తయారుచేసే తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లను నేను అడిగేది ఒక్కటే: పోప్ కథను యూరప్ వాళ్లు రాసుకున్నారు, విశ్వేశ్వర శివాచార్యుడి కథను మీరు ఆటగా రాయండి.