పనిచేస్తోందని రుజువేదీ?

అప్పా జంక్షన్ దాటి బీజాపూర్ రోడ్డెక్కితే మొయినాబాద్ దాకా ఒక్క పెద్ద చిమ్నీ కనబడదు. మర్రిచెట్లు, పూలతోటలు, ఫామ్‌హౌస్‌ల ప్రహరీలు, ఫంక్షన్ హాళ్లు, చిలుకూరు బాలాజీ గుడికి మళ్లమనే బోర్డులు. అంతే. పరిశ్రమలకు ఈ దిక్కు నచ్చక కాదు. ఒక పక్క గండిపేట అని పిలిచే ఉస్మాన్‌సాగర్, ఇంకో పక్క హిమాయత్‌సాగర్. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఈ రెండు జలాశయాల నీళ్లే దశాబ్దాల పాటు హైదరాబాద్ తాగింది. అందుకే 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. వీటి నిండు మట్టం నుంచి 10 కిలోమీటర్ల లోపు కాలుష్యం చేసే పరిశ్రమ ఏదీ వద్దంది. మొయినాబాద్, చేవెళ్ల, శంషాబాద్ వైపు మండలాల్లో 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. 2022లో ప్రభుత్వం ఆ జీవోను సడలించింది గానీ వాదులాట మాత్రం తెగలేదు.

ఈ జీవో చరిత్రలో నాకు బాగా నచ్చే ఘట్టం ఒక ఆముదం కేసు. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదం నుంచి రసాయనాలు తీసే ఫ్యాక్టరీ పెడతామని ఒక కంపెనీ వచ్చింది. అన్ని జాగ్రత్తలూ తీసుకుంటాం, చుక్క కూడా చెరువులోకి పోదు అంది. వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. 1999 జనవరిలో జస్టిస్ ఎం. జగన్నాథరావు రాసిన తీర్పు ముందుజాగ్రత్త సూత్రాన్ని వివరంగా చర్చించింది. హాని జరుగుతుందని ఊరివాళ్లు నిరూపించనక్కర్లేదు, జరగదని ఫ్యాక్టరీ పెట్టేవాళ్లే నిరూపించుకోవాలి అని తేల్చింది. 2000 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీకి దారి మూసుకుపోయింది. 'మీరే నిరూపించుకోండి' అనే ఈ మాట న్యాయశాస్త్రంలో కంటే ప్లాంటులో పనిచేసే ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ మనుషుల నోట ఎక్కువగా వినబడుతుందని చేవెళ్ల అవతలికి వెళ్లాక తెలిసింది.

నేను చూసింది జీవో పరిధి దాటాక ఉన్న ఒక పాల ప్లాంటు. చుట్టుపక్కల ఊళ్ల పాలు చల్లబరిచి, పాశ్చరైజ్ చేసి, ప్యాకెట్లు కట్టి నగరానికి పంపుతారు. పేరు రాయొద్దని యజమాని ముందే మాట తీసుకున్నారు. పాలే కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. లోపల బాయిలర్ ఉంది. చల్లదనం కోసం అమ్మోనియా ఉంది. పైపులు కడగడానికి కాస్టిక్, నైట్రిక్ యాసిడ్ ఉన్నాయి. పరిమాణం చిన్నదే గానీ రిఫైనరీలో ఇంజినీరుకు నిద్ర పట్టనివ్వని వస్తువులు సగం ఇక్కడా ఉన్నాయి.

ఇక్కడి కరెంటు, మీటర్ల బాధ్యతంతా ఒక్క మనిషిది. యాభై దాటిన వయసు, జేబులో టెస్టర్, చంకలో ముడతలు పడ్డ రిజిస్టరు. పటాన్‌చెరు వైపు మందుల ఫ్యాక్టరీల్లో చాలాకాలం చేసి వచ్చారు. అప్రెంటిస్ మాత్రం ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌లో. ఆ సంగతి చెప్పేటప్పుడు గొంతులో కాస్త గర్వం. ఉండాలి కూడా. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్‌ను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లువారు. 1956లో మొదలైన అప్సర అణు రియాక్టరుకు నియంత్రణ పరికరాలను విదేశాల నుంచి తెప్పించకుండా ఇక్కడే తయారు చేయించిన బృందం ఆయనదే. ఏఎస్ రావు నగర్‌లో ఇల్లు కొన్నవాళ్లలో ఎంతమందికి ఆ ఏఎస్ రావు ఎవరో తెలుసో!

పాశ్చరైజర్ దగ్గరికి తీసుకెళ్లారు. పాలు 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉండాలన్నది నియమం. ఇక్కడ 78 దగ్గర నడుపుతున్నారు. తెర మీద 78.2 అని పచ్చ అంకెలు మెరుస్తున్నాయి. ఆపరేటర్ కుర్రాడు నిశ్చింతగా ఉన్నాడు. ఈయన మాత్రం, "అది నిజంగా 78 అని ఎవరు చెప్పిన్రు?" అన్నారు.

ప్లాంటు కడిగే వేళ వచ్చాక, పైపుల్లో పాలకు బదులు నీళ్లు తిరుగుతుండగా, ఆ సెన్సర్‌ను బయటికి తీశారు. పెన్సిలంత స్టీలు కడ్డీ. లోపల సన్నటి ప్లాటినం తీగ ఉంటుంది. పేరు పీటీ-100. సున్నా డిగ్రీల దగ్గర ఆ తీగ నిరోధం కచ్చితంగా 100 ఓమ్‌లు. వేడి పెరిగే కొద్దీ నిరోధం పెరుగుతుంది, 72 డిగ్రీలకు 127.8 దాటుతుంది. ఫ్లాస్కులో దంచిన ఐసు, కాస్త నీళ్లు పోసి కడ్డీ ముంచారు. కాసేపాగి మీటరు పెడితే 100.1. సెన్సర్ బాగానే ఉంది.

మరుగుతున్న నీళ్లలో పెట్టి 100 డిగ్రీలు వస్తుందేమో చూడొచ్చు కదా అన్నాను. నవ్వారు. "మనం ఎంత ఎత్తు మీద ఉన్నం సార్? గండిపేట నిండితేనే 1790 అడుగులు. ఈడ నీళ్లు 98కే మసులుతయ్. కొత్త పిల్లలు అది తెల్వక మీటరు తప్పు చూపిస్తుందని దాన్ని 100కు తిప్పుతరు. గప్పుడు మంచి మీటరు ఖరాబైతది."

సెన్సర్‌కు పాస్ మార్కులు వచ్చినా పని అయిపోలేదు. అక్కణ్నుంచి ప్యానెల్ దాకా వచ్చే తీగల్లో ఒక టెర్మినల్ స్క్రూ దగ్గర పచ్చటి చిలుము పట్టి ఉంది. ఇక్కడే విషయం ఆసక్తికరంగా మారుతుంది. ఈ సెన్సర్‌కు నిరోధం 0.385 ఓమ్ పెరిగితే ఒక డిగ్రీ పెరిగినట్టు లెక్క. చిలుము పట్టిన స్క్రూ దగ్గర కూడా నిరోధం పెరుగుతుంది. మీటరుకు ఈ రెండిటి తేడా తెలియదు. అంటే పాలు ఇంకా 71 దగ్గరే ఉండగా తెర మీద 72 రావచ్చు. పచ్చి పాలు పక్వమైన పాలుగా చలామణీ అయిపోతాయి. ల్యాబ్‌లో ఫాస్ఫటేజ్ పరీక్ష చేస్తారు కాబట్టి అక్కడ పట్టుబడుతుంది గానీ, అప్పటికే ట్యాంకు నిండి ఉంటుంది. పూర్తిగా చచ్చిపోయిన పరికరం అందరికీ కనబడుతుంది. ఒక డిగ్రీ అబద్ధం చెప్పే పరికరం ఎవరికీ కనబడదు. ఈయన ఉద్యోగమంతా ఆ రెండో దానితోనే.

తీగ పూర్తిగా తెగిపోతే? అది కూడా ముందే ఆలోచించి పెట్టుకోవాల్సిన విషయమే. తీగ తెగితే కొన్ని ట్రాన్స్‌మిటర్లు అంకెను పైకి కొడతాయి, కొన్ని కిందికి. ఏది కావాలో పెట్టేటప్పుడే ఎంచుకోవచ్చు. ఇక్కడ పైకి కొట్టేలా పెడితే వేడి బ్రహ్మాండంగా ఉందనుకుని చల్లటి పాలు ప్యాకెట్లలోకి పోతాయి. అందుకని కిందికి పెట్టారు. అంకె పడిపోగానే మళ్లింపు వాల్వు తిరిగి, పాలు మొదటి ట్యాంకుకే వెనక్కి వస్తాయి. అదే బాయిలర్ పొయ్యి దగ్గరైతే లెక్క తిరగబడుతుంది. వేడి తక్కువైందని యంత్రం అనుకుంటే మంట ఇంకా పెంచుతుంది. ఏ పరికరం ఎటు పడితే నష్టం తక్కువో ఒక్కోదానికీ విడివిడిగా కూర్చుని తేల్చుకోవాలి.

ఆ వాల్వును నడిపేది గాలి. ఆయన గాలి పైపు మూతను చేత్తో తిప్పి కట్టేశారు. టప్పుమని చప్పుడై స్ప్రింగు వాల్వును వెనక్కి లాగింది. నీళ్లు వెనుదారి పట్టాయి. కంప్రెసర్ ఆగినా, కరెంటు పోయినా అది పడాల్సింది అటే. రిజిస్టరులో తారీఖు, సమయం, సంతకం. ఇలా ప్రతి నెలా కట్టేసి చూస్తారట. ఏమీ జరగనప్పుడు చేసే పని కాబట్టి దీనికి జీతం తప్ప మెప్పు రాదు.

ప్యానెల్ గదిలో ఎక్కువసేపు గడపలేదు, చెప్పుకోవాల్సినవి మాత్రం కొన్ని ఉన్నాయి. బిగించిన ప్రతి బోల్టు మీదా నట్టు మీదుగా ఎర్ర పెయింటుతో ఒక గీత గీశారు. బోల్టు వదులైతే గీత విరుగుతుంది, చూడగానే తెలుస్తుంది. థర్మల్ కెమెరా ఏడాదికోసారి అద్దెకు తెస్తారు, ఆ గీత మాత్రం రోజూ ఉచితం. కేబుల్ లోపలికి వెళ్లే చోట గ్లాండ్లకు రబ్బరు సీలు గట్టిగా ఉంది. ఉండకపోతే బల్లులు దూరతాయి. రెండు బస్‌బార్ల మధ్య బల్లి పడితే బల్లి ఒక్కటే పోదు. బయట మోటార్ల దగ్గర కేబుల్ కాస్త కిందికి వేలాడి మళ్లీ పైకి లేచి పెట్టెలోకి వెళ్తోంది. పైపుతో నీళ్లు కొట్టి కడిగే చోట ఆ వంపు లేకపోతే నీరు కేబుల్ మీదుగా సూటిగా మోటారులోకి జారుతుంది.

ఎర్త్ పిట్ల కొలతలు ఈయన మే నెలలో తీస్తారు. చాలాచోట్ల ఆడిటర్ వచ్చే నెలలో, లేదంటే వానలు పడ్డాక తీస్తారు. తడి నేలలో కొలత ఎప్పుడూ అందంగానే వస్తుంది. రాళ్ల నేల ఎండిపోయినప్పుడు వచ్చేదే అసలు అంకె. పోయిన వేసవిలో అంకె బాగా లేదట. మార్కులు తగ్గిన పేజీని చించకుండా ఉంచారు. ఆ పేజీ చూస్తే నాకు ముచ్చటేసింది.

అమ్మోనియా గదిలో గ్యాసు పసిగట్టే పెట్టె ఉంది. చిన్న సిలిండరులోంచి కొలిచిన గ్యాసు దాని ముక్కుకు పట్టించారు. కాసేపటికి సైరన్ కూత. పక్క పొలంలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు తలెత్తి చూసి మళ్లీ వంగారు. వాళ్లకు ముందురోజే కబురు పెట్టారట.

ఆ కూత వింటుంటే నాకు 2020 మే 7 తెల్లవారుజాము గుర్తుకొచ్చింది. విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చి 12 మంది చనిపోయారు. నీరభ్‌కుమార్ ప్రసాద్ నాయకత్వంలోని హైపవర్ కమిటీ చెప్పినవాటిలో రెండు సంగతులు ఈయన వృత్తికి నేరుగా సంబంధించినవి. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ అడుగు భాగాన మాత్రమే ఉంది. పై పొరల్లో ద్రవం వేడెక్కిపోతున్నా అడుగున అంకె మామూలుగానే కనబడుతుంది. రెండోది, సైరన్ మోగించడానికి ఆవరణలో 36 చోట్ల ఏర్పాటు ఉండి కూడా ఆ తెల్లవారుజామున ఊరికి సైరన్ వినబడలేదు. సెన్సర్ అబద్ధం చెప్పలేదు, అడుగున ఉన్నది అడుగు సంగతే చెప్పింది. పైన ఏముందో చెప్పేది అక్కడ లేదు, అంతే.

ఇదేదో మన దగ్గరి అలసత్వం అనుకోవడానికి లేదు. 2005 డిసెంబరు 11న ఇంగ్లండులోని బన్స్‌ఫీల్డ్ ఇంధన డిపోలో పెట్రోలు ట్యాంకు పొంగిపొర్లి పేలింది. మట్టం చూపే గేజీ కదలకుండా ఇరుక్కుపోయింది. అది మోసం చేసినా ఆపడానికి విడిగా ఇంకో స్విచ్ ఉంది. దాని మీట సరైన స్థానంలో నిలవాలంటే ఒక చిన్న తాళం వేసి ఉంచాలి. తాళం దేనికో బిగించినవాళ్లకు తెలియక వేయలేదు. స్విచ్ పనిచేయలేదు. డబ్బూ, చదువూ, చట్టమూ అన్నీ ఉన్న చోటే.

ఈ ప్లాంటులో ఏ ఇంటర్‌లాక్‌నైనా తాత్కాలికంగా తప్పించాలంటే ఎర్ర ట్యాగు కట్టి, ఎవరు, ఎందుకు, ఎప్పటివరకు అని రాయాలి. నేను చూసినప్పుడు ఒక ట్యాగు వేలాడుతోంది. గడువు ముందురోజుతో తీరిపోయింది. ఆయన ముఖం మాడింది. కుర్రాణ్ని పిలిచి, "ఇది ఎవల్దిరా?" అన్నారు. "స్పేర్ రాలే సార్," అని వాడి జవాబు. బిగ్గరగా తిట్టలేదు. ఫోన్ తీసి సరుకు పంపేవాడితో మాట్లాడి, స్పేర్ వచ్చేదాకా ఆ లైన్ నడపొద్దని చెప్పి, యజమానికీ అదే మాట చెప్పారు. యజమానికి అది రుచించలేదు. ఒక లైన్ ఆగితే సాయంత్రం బండికి పాలు తగ్గుతాయి. కాసేపు గొణిగి ఒప్పుకున్నారు.

నా దృష్టిలో ఆ రోజు చూసిన పరికరాలన్నిటికంటే విలువైనది ఆ ఒప్పుకోవడమే. పెద్ద రిఫైనరీలో అయితే ఇలా ఆపగల మనిషికి వెనక ఒక విభాగం ఉంటుంది. చిన్న ప్లాంటులో ఆయన ఒక్కరే. ఈ పని చేసే కుర్రాళ్లు ఐటీఐలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ నేర్చుకుని వస్తున్నారు. వచ్చిన ఏడాదికే ఎక్కువ జీతం ఇచ్చే ఫార్మా కంపెనీకి వెళ్లిపోతున్నారు. వాళ్లను తప్పుపట్టలేం.

మీ ఊరి దగ్గర పాల కేంద్రమో, కోల్డ్ స్టోరేజో, ఐసు ఫ్యాక్టరీయో ఉంటే ఒకసారి వెళ్లి అడగండి: గ్యాసు సైరన్‌ను చివరిసారి ఎప్పుడు మోగించి చూశారు? నోటితో చెప్పే జవాబు చాలదు. రిజిస్టరు తెరిచి తారీఖు, సంతకం చూపించమనండి.