అయ్యగారింట్లో పట్టాలు

2023 డిసెంబరు 9, శనివారం రాత్రి. మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటి నాలుగు రోజులైంది. దివిసీమలో కోతకొచ్చిన వరి నీళ్లలో వాలిపోయి ఉంది. కోసి పడేసిన పనలు మొలకలెత్తుతున్నాయి. బందరులో మా సంఘం చందాలు పోగుచేసి, కౌలు రైతులు ధాన్యం ఆరబెట్టుకోవడానికి నలభై టార్పాలిన్ పట్టాలు, కొన్ని బియ్యం బస్తాలు కొని అవనిగడ్డ అవతల ఒక పల్లె సంఘానికి పంపింది. ఆ రాత్రి పది దాటాక నాకు వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. మేము పంపిన పట్టాల కట్టలు ఆ పల్లె సంఘ కాపరి అయ్యగారి ఇంటి ముందుగదిలో గోడవారగా పేర్చి ఉన్నాయి.

నేను ఇరవై ఏళ్లుగా సండే స్కూలు టీచర్ని. ఆ ఫొటోను మా సంఘం గ్రూపులోనూ, నా ఫేస్‌బుక్‌లోనూ పెట్టి కింద ఇలా రాశాను: “పేదలకు పంపిన పట్టాలు ఎవరింట్లో ఉన్నాయో చూడండి. దేవుడు చూస్తున్నాడు.” దేవుని ఇంటి మీద ఆసక్తితోనే రాశానని ఆ రాత్రి నన్ను నేను నమ్మించుకున్నాను. ఒంటిగంట దాకా నిద్రపోకుండా ఎంతమంది బొటనవేలి గుర్తు పెట్టారో చూసుకున్నాను. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. రెండేళ్ల కిందట ఒక కూటంలో ఆ అయ్యగారు నేను చెప్పిన మాటను అందరి ముందూ సరిదిద్దారు. ఆ ముల్లు నా లోపల ఇంకా ఉంది.

అసలు జరిగింది ఇదీ. ఆ పల్లెలో గుడి పైకప్పు కారుతోంది. తడవకుండా ఉంటాయని సంఘ పెద్దలే కట్టలను అయ్యగారింట్లో పెట్టించారు. ఎవరెవరికి ఇవ్వాలో పెద్దలు ఇల్లిల్లూ తిరిగి జాబితా రాశారు. పంపకం సోమవారం. ఇదంతా నాకు ఒక్క ఫోను చేస్తే తెలిసేది. అయ్యగారి నంబరు నా దగ్గరుంది.

మరునాడు ఆదివారం ఆయన ఆ ఫొటో చూసిన మనుషుల ముందే నిలబడి ఆరాధన జరిపించారు. సోమవారం పంపకానికి జాబితాలో ఉన్న కొన్ని కుటుంబాలు రాలేదు. ఫోన్లలో నానుతున్న సరుకు తీసుకుంటే తమనూ ఏమంటారోనని జంకారు. గుడివాడ నుంచి రావలసిన రెండో విడత సాయం ఆగిపోయింది. మంగళవారం గుడివాడలోని మా బంధువు నాకొక మెసేజ్ పంపాడు: “ఇది చూశావా, మీ వైపేనట.” అది నా ఫొటో, నా మాటే. పైన రెండు బాణాల గుర్తు ఉంది. అంటే ఎన్నో చేతులు మారి వచ్చిందన్నమాట. అలాంటి మెసేజ్‌ను ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలిగేలా వాట్సాప్ 2020లోనే కట్టడి పెట్టింది. అయినా అది ఆగలేదు. నిజం తెలిశాక గ్రూపులో నా పోస్టును తీసేశాను, ఫేస్‌బుక్‌లోదీ తీసేశాను. కానీ వేరేవాళ్ల ఫోన్లకు చేరిన ప్రతులను తీసేసే దారి నాకు లేదు.

దివిసీమలో ఈ నింద ఎంత బరువైనదో నాకు తెలియనిది కాదు. మాది నాగాయలంక వైపు ఊరు. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఈ సీమలో వేలమంది పోయారు. అప్పుడు నిలబడి సహాయ కార్యక్రమాలు నడిపించిన మండలి వెంకటకృష్ణారావు గారి పేరు ఇప్పటికీ ఇక్కడ గౌరవంగా తలుచుకుంటారు. మదర్ థెరిసా వచ్చి వెళ్లిన సంగతి మా అమ్మ చెబుతూ ఉండేది. ఎవరు ఏం పెట్టారో ఇక్కడి జనం తరాలపాటు గుర్తుపెట్టుకుంటారు. ఎవరు తిన్నారో కూడా గుర్తుపెట్టుకుంటారు. “తుపాను సాయం తిన్నాడు” అనే మాట ఒక మనిషి మీద పడితే అది అతని పిల్లల దాకా పోతుంది. అది తెలిసీ ఆ మాటను ఒక దైవసేవకుడి మీద వేశాను.

మొదట్లో నాకు నేను ఒక సాకు చెప్పుకున్నాను: నేను అబద్ధం రాయలేదు కదా. నిజమే. పట్టాలు పేదలకు పంపినవే, ఉన్నది అయ్యగారింట్లోనే. దేవుడు చూస్తున్న మాటా నిజమే. ఒక్కో మాట విడిగా చూస్తే తప్పు పట్టడానికి లేదు. అన్నీ కలిపితే తయారైంది మాత్రం అబద్ధ సాక్ష్యం. తొమ్మిదో ఆజ్ఞను పిల్లలకు కంఠతా పట్టించిన నాకు, నిజమైన ఫొటోతో కూడా ఆ ఆజ్ఞను మీరవచ్చని అప్పుడే తెలిసింది.

మత్తయి సువార్త పద్దెనిమిదో అధ్యాయంలో ప్రభువు వరుస చెప్పాడు. సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒంటరిగా వెళ్లి అతనితో మాట్లాడాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకు వెళ్లాలి. అప్పటికీ వినకపోతేనే సంఘానికి చెప్పాలి. నేను మొదటి రెండు మెట్లు ఎక్కకుండా మూడోదాన్నీ దాటిపోయి, ఊరందరికీ చెప్పాను. పైగా అక్కడ తప్పే జరగలేదు.

క్రిస్మస్ దగ్గర పడింది. బలిపీఠం దగ్గర కానుక విడిచిపెట్టి ముందు సహోదరునితో సమాధానపడమన్న మాట నన్ను వదల్లేదు. పండగనాడు ప్రభు భోజనానికి ఈ చేతులు చాచలేననిపించింది. 23వ తేదీ శనివారం పొద్దున్నే బస్సెక్కాను. చల్లపల్లి, మోపిదేవి దాటుతుంటే రోడ్డు పక్కన పట్టాల మీద నల్లబడ్డ ధాన్యం ఆరబోసి ఉంది.

“వందనాలు అయ్యగారూ” అన్నాను. తర్వాత మాట పెగల్లేదు. ఆయనే కూర్చోమన్నారు. అమ్మగారు టీ ఇచ్చి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయారు. నేను క్షమించమని అడిగాక ఆయన లేచి ఒక నోటుపుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టారు. పేర్లు, ఎదురుగా సంతకాలు, వేలిముద్రలు. కొన్ని పేర్ల ఎదురుగా ఖాళీ.

“వీళ్లు రాలేదు బాబూ. తర్వాత మేమే మోసుకెళ్లి ఇచ్చాం. అప్పటికే వాళ్ల ధాన్యం పాడైంది” అన్నారు. కాసేపాగి, “నాకొక్క ఫోన్ చేయకపోయారా?” అన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఇద్దరం మోకాళ్లూని ప్రార్థన చేసుకున్నాం. ఆయన క్షమించారు. ఆ ఖాళీలు మాత్రం పుస్తకంలో అలాగే ఉన్నాయి.

తిరిగొచ్చి నిందవేసిన చోటల్లా నా పేరు పెట్టి తప్పు ఒప్పుకున్నాను. మా వీధిలో ఉండే ఒక రిటైర్డు మాస్టారు, క్రైస్తవుడు కాదు, అది చదివి ఇంటికొచ్చారు. “మీ మొదటి పోస్టు చూసి, మీలో మీరే ఇలా ఉన్నారే అని బాధపడ్డానండీ” అన్నారు. 1841లో మిషనరీ రాబర్ట్ నోబుల్ బందరుకు వచ్చిన నాటి నుంచీ ఇక్కడి జనం క్రైస్తవుల నడవడిని చూస్తూనే ఉన్నారు. ఇప్పుడు వాళ్లు మన గుడికి రానక్కర్లేదు, మన ఫోన్లోనే చూస్తారు.

అప్పటి నుంచి కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాను. ఒక మనిషి గురించిన సందేహం ముందు ఆ మనిషినే అడుగుతాను. కోపంతో రాసింది రాత్రి పంపను, పొద్దున్న ప్రార్థన అయ్యాక మళ్లీ చదువుతాను. మనసులో పాత ముల్లు ఉన్నవాళ్ల గురించి అసలు రాయను. నిందను ఎంత దూరం పంపానో క్షమాపణనూ అంత దూరం పంపుతాను, అది అంత దూరం చేరదని తెలిసినా సరే.

సహోదరులారా, సహోదరీలారా, మీ ఫోన్లో కూడా ఈపాటికి ఎవరో ఒక అయ్యగారి ఫొటోయో, ఒక సంఘ పెద్ద మీద మాటో వచ్చి ఉండొచ్చు. దాన్ని ఇంకొకరికి పంపకండి. అదే ఫోన్లో ఆయన నంబరు వెతికి, ముందు ఆయనకు ఫోన్ చేయండి.