సముద్రం వినని మాట

1870 సెప్టెంబరు 6. స్పెయిన్‌లోని ఫినిస్టెర్ అగ్రానికి దగ్గర్లో బ్రిటిష్ యుద్ధనౌకలు బారులు తీరి ఉన్నాయి. వాటి నాయకుడు అడ్మిరల్ మిల్న్ ఆ రోజు ఓ కొత్త ఓడ ఎక్కాడు. పేరు 'కెప్టెన్'. అలలు డెక్కు మీదికే వచ్చిపోతున్నాయి. ఆయనకది నచ్చలేదు. ఆ మాట పైకే అన్నాడు. పక్కనే ఉన్న కౌపర్ కోల్స్‌కు మాత్రం తన ఓడ మీద గట్టి నమ్మకం.

నమ్మకం ఉండదూ మరి! అది ఆయన పదిహేనేళ్ల కల. క్రిమియా యుద్ధంలో తెప్ప మీద ఫిరంగి ఎక్కించి పోరాడిన నావికుడాయన. ఓడంతా తిప్పక్కర్లేదు, ఫిరంగి ఉన్న ఇనుప బురుజునే తిప్పితే చాలన్నది ఆయన ఆలోచన. ఆలోచన మంచిదే. అయితే ఆనాటి ఆవిరి యంత్రాలకు బొగ్గు విపరీతంగా కావాలి. దూర ప్రయాణాలకు తెరచాపలు తప్పవు. అందుకని బరువైన బురుజులు, వాటిపైన ఎత్తయిన తెరచాప స్తంభాలు, కింద నీటికి ఆనుకున్నంత పొట్టి డెక్కు... అన్నీ ఒకే ఓడలో!

నౌకాదళ ప్రధాన నిర్మాణ నిపుణుడు ఎడ్వర్డ్ రీడ్ ఇది ప్రమాదమన్నాడు. ఎవరు వింటారు? పత్రికలు కోల్స్‌కే జై కొట్టాయి. పార్లమెంటులోనూ ఆయనకే మద్దతు. చివరికి బర్కెన్‌హెడ్‌లోని లైర్డ్ సంస్థ ఓడను కట్టింది. తీరా చూస్తే అనుకున్నదానికంటే 700 టన్నులకు పైగా బరువెక్కింది. నీటిపైన 8 అడుగుల ఎత్తుండాల్సిన డెక్కు ఆరున్నర అడుగులకు దిగిపోయింది.

ఓడ ఒరిగితే దాన్ని మళ్లీ నిలబెట్టేది నీరే. కానీ డెక్కు అంచు మునిగాక ఆ శక్తి తగ్గిపోతూ వస్తుంది. ఎత్తయిన డెక్కున్న 'మోనార్క్' 40 డిగ్రీలు ఒరిగేదాకా ఆ బలం పెరుగుతూనే ఉంటుంది. 'కెప్టెన్'కి 21 డిగ్రీలే హద్దు. ఇది తేల్చే పరీక్ష జులైలో పోర్ట్స్‌మత్‌లో జరిగింది. లెక్క పూర్తయ్యేసరికి ఓడ సముద్రంలో ఉంది.

అర్ధరాత్రి దాటింది. గాలి ముదిరింది. తెరచాపలు దించమని కెప్టెన్ బర్గోయ్న్ ఆజ్ఞాపించాడు. అప్పటికే ఆలస్యమైంది. చూస్తుండగానే ఓడ తలకిందులైంది. దాదాపు 480 మంది జలసమాధి అయ్యారు. వారిలో కోల్స్ ఉన్నాడు, బర్గోయ్న్ ఉన్నాడు. ఓ పడవ దొరకబట్టుకుని తీరం చేరింది 18 మందే. పక్కనే అదే తుపాను తిన్న 'మోనార్క్' క్షేమంగా ఉంది.

నౌకాదళ మంత్రి చిల్డర్స్ కొడుకూ ఆ ఓడలోనే పోయాడు. అంతకుముందు ఆ కుర్రాడిది 'మోనార్క్'లోనే కొలువు. ఈ కొత్త ఓడకు మార్పించింది కన్నతండ్రే! నమ్మకంతోనే. ఆ తండ్రి మిగతా జీవితం ఎలా గడిపి ఉంటాడు?

ప్రజాభిప్రాయానికి తలొగ్గి, నిపుణుల మాట కాదని కట్టిన ఓడ ఇదని విచారణ జరిపిన సైనిక న్యాయస్థానం తేల్చింది. 1873లో నౌకాదళంలో చేరిన 'డెవాస్టేషన్'కి తిరిగే బురుజులున్నాయి, తెరచాపలు లేవు. గీసింది రీడే. కోల్స్ ఆలోచన అలా బతికింది. దాన్ని చూడ్డానికి ఆయనే లేడు.

చప్పట్లతో పార్లమెంటును ఒప్పించొచ్చు, పత్రికలనూ ఒప్పించొచ్చు. సముద్రం మాత్రం లెక్కనే అడుగుతుంది.