బాల్కనీలో చిత్రిక

దిల్‌సుఖ్‌నగర్‌ ఫ్లాట్లో వడ్రంగం చేయాలనుకుంటే ముందు కావలసింది రంపం కాదు, కింది ఇంటివాళ్ల సహనం. అందుకే మెషిన్ల జోలికి పోను. ఎనిమిదడుగుల ప్లైవుడ్‌ షీటు మా లిఫ్టులో పట్టదు. ఎల్బీనగర్‌ వైపు షాపులోనే కొలతలిచ్చి కోయించుకుంటాను. మిగతా పనంతా బాల్కనీలోనే.

సుత్తి దెబ్బ స్లాబు గుండా కింది గదిలోకి దిగుతుంది. కాబట్టి బల్ల కాళ్లకింద రబ్బరు మ్యాట్లు వేశాను. ఆదివారం మధ్యాహ్నం కునుకు వేళ ఉలి, సుత్తి ముట్టను, చిత్రిక పడతాను. పదును బాగుంటే టేకు పొట్టు ఉల్లిపొరలా చుట్టలు తిరుగుతూ లేస్తుంది.

కర్రకి వాతావరణం తెలుసు. వానాకాలంలో అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా దాదాపు కదలదు. సొరుగు పలకకి పైన కాస్త సందు వదలకపోతే శ్రావణానికల్లా బిగుసుకుంటుంది. నిర్మల్‌ బొమ్మలకు పొనికి, ఏటికొప్పాక లక్క బొమ్మలకు అంకుడు కర్ర ఎంచుకున్నవాళ్లు ఏ కర్ర ఏ పనికి లొంగుతుందో ఎరిగినవాళ్లే.

చోటు చిన్నదైతే పనీ చిన్నదవుతుంది: పీట, స్టూలు, పుస్తకాల అర. నష్టమేముంది? బీరువా చేయాలన్న ఆశ వదులుకుంటే, పీట నాలుగు కాళ్లూ నేలకి సమంగా ఆనేదాకా ఓపిక పట్టే తీరిక దొరుకుతుంది.